పంట కుంట గట్టున డీజిల్ ఇంజను

1900వ సంవత్సరంలో పారిస్ మహానగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న ఇంజను నడిచింది. దానికి పోసిన ఇంధనం వేరుశనగ నూనె. నడకలో ఏ తేడా లేకపోవడం చేత, అది గింజల నూనెతో నడుస్తున్నదని గ్రహించినవారు బహు కొద్దిమంది. ఈ జాతి ఇంజనును సృష్టించిన జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఆ సంగతిని కొన్నేళ్ల తరువాత స్వయంగా చెప్పినాడు. ఆనాడు వేరుశనగ ఇంజనును నడిపింది. ఈనాడు అనంతపురం మెట్టపొలాలలో ఇంజను వేరుశనగను బ్రతికించవలసి వస్తున్నది.

అనంతపురం సీమలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తవి. ఈశాన్య మేఘాలు తూర్పుతీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతవి. కురిసే ఆ కొద్దివాన అయినా వరుసగా కురవదు. జూన్, జూలై నెలలలో విత్తు పడుతుంది. పైరు పూతకు వచ్చి ఊడలు దిగే వేళకు మూడు నాలుగు వారాలు బెట్ట పడుతుంది. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు. దిగనిచో కాయ లేదు. ఆ సమయంలో ఒక్క తడి అందినా పంట నిలుస్తుంది. 2016 ఆగస్టులో ఇట్టి బెట్ట వచ్చినప్పుడు ప్రభుత్వం వారు పంట కుంటల నీటిని రెయిన్ గన్‌ల ద్వారా చల్లించి రక్షక తడులు ఇప్పించినారు. కరెంటు తీగ చేరని చేను గట్టున ఆ నీటిని ఎత్తగలిగినది డీజిల్ ఇంజనే.

ఒక ఎకరానికి 10 మిల్లీమీటర్ల వానతో సమానమైన తడి ఇవ్వవలెనంటే సుమారు 40,000 లీటర్ల నీరు కావలెను. సెకనుకు 5 లీటర్లు పోసే పంపు ఆ పని రెండుగంటల పైచిలుకు కాలంలో పూర్తిచేస్తుంది. అనగా కొద్ది ఎకరాల రైతుకు ఇంజనుతో పని ఏడాదిలో నాలుగైదు దినాలు మాత్రమే. కాని ఆ నాలుగు దినాలలో అది కదలకపోతే, మెకానిక్కు వచ్చేలోగా పైరు వాడుతుంది. కుంటలోని నీరు కూడ ఎండకు ఆవిరై, నేలలోకి ఇంకి తరిగిపోతుంది.

ఇచ్చట ఒక విచిత్రం గమనించవలెను. ఇంజను నడిచి చెడినదానికంటె, నడవక చెడినదే ఎక్కువ. సముద్రతీరాలలో సొంత మోటారు పడవలు ఉంచుకొని ఏడాదికి నాలుగుసార్లు మాత్రం విహరించే శ్రీమంతులకు కూడ ఇదే చిక్కు. కనుక యజమాని ముఖ్యంగా నేర్చుకోవలసినది ఇంజను ఊరక ఉన్న నెలలలో దానిని కాపాడే విధానం.

ముందుగా దాని స్వభావం తెలుసుకొందాము. పెట్రోలు ఇంజనులో వలె దీనిలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదు. లోపలికి పీల్చిన గాలిని పిస్టన్ సుమారు పదహారు, పదునెనిమిదింతలు కుదించి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వేడెక్కుతుంది. సరిగా ఆ క్షణాన నాజిల్ గుండా డీజిల్ మంచువలె చిమ్మబడి తనంతట తానే అంటుకొంటుంది. కాబట్టి ఈ యంత్రం కోరేవి మూడే: శుభ్రమైన గాలి, శుభ్రమైన నూనె, కారిపోని ఒత్తిడి. రోగాలలో చాలాభాగం ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించుట వలన వచ్చేవే.

డీజిల్‌ను అందించే పంపులోని కడ్డీకి, దాని గొట్టానికి మధ్య ఉండే సందు తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడ ఉండదు. అట్టిచోట ఒక ఇసుక రేణువు చేసే హాని ఎంతటిదో ఊహించవచ్చును. డీజిల్‌ను మూతగల డబ్బాలో ఒక రాత్రి కదల్చక ఉంచి, సన్నని జల్లెడ అమర్చిన గరాటుతో పోయవలెను. డబ్బా అడుగున మిగిలిన రెండు మూడు అంగుళాల నూనెను టాంకులో పోయకూడదు. పని ముగిసిన తరువాత టాంకును సగంలో విడువక నిండుగా ఉంచవలెను. ఖాళీ ఉన్నచో రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ గోడలకు చెమర్చి నీరై అడుగుకు దిగుతుంది. ఆ నీరు పంపుకు, నాజిల్‌కు తుప్పు పట్టిస్తుంది. ఇంజను తిప్పబోయే ముందు టాంకు అడుగు బిరడాను వదులుచేసి కొద్దిగా నూనె వదలి చూచిన నీరున్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

టాంకు పూర్తిగా ఎండిపోయేదాక ఇంజనును నడిపితే గొట్టాలలో గాలి చేరుతుంది. మరల నూనె పోసినా అది కదలదు. చాలామంది ఇచ్చటనే హ్యాండిల్ తిప్పి తిప్పి అలసిపోతారు. ఫిల్టరు మీది స్క్రూను, తరువాత పంపు వద్ది స్క్రూను వరుసగా వదులుచేసి, బుడగలు లేని నూనె వచ్చేవరకు వదలి బిగించిన చాలును. అయితే నాజిల్ చిమ్మేటప్పుడు దాని ముందు చేయి పెట్టరాదు. ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి దిగగలదు. బయటికి చిన్న గాయమే కనిపించినా వెంటనే వైద్యుని వద్దకు పోవలెను.

ఇక గాలి సంగతి. మన మెట్టలో నైరుతి గాలులు ఎంత బలంగా వీస్తవో రామగిరి కొండల మీది గాలిమరలే సాక్ష్యం. వాన తేలేని ఆ గాలి దుమ్మును మాత్రం తెస్తుంది. దుమ్ము లోపలికి పోతే సిలిండరు, పిస్టన్ రింగులు అరిగి ఒత్తిడి నిలువదు. నూనెగిన్నెతో ఉండే గాలి ఫిల్టరు అయితే గిన్నెలోని మురికినూనెను తీసివేసి, కడిగి, గీటు వరకు కొత్తనూనె పోయవలెను. దుమ్మురేగే దినాలలో ఈ పని ప్రతిదినం చేసినా అధికం కాదు.

కందెననూనె మట్టాన్ని ఇంజను ఆగియున్నప్పుడు, సమమైన నేల మీద, ప్రతి ఉదయం పుల్లతో చూడవలెను. ఎన్ని గంటలకు మార్చవలెనో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. నడిచిన గంటలను ఒక నోటుబుక్కులో వ్రాసి ఉంచనిదే ఆ లెక్క నిలువదు. గంటలు పూర్తికాకున్నను, సీజను ముగిసి ఇంజనును మూలకు చేర్చే ముందు పాతనూనెను తీసివేయుట మంచిది. కాలిన నూనెలో ఆమ్లాలు చేరి ఉంటవి; నెలల తరబడి నిలువ ఉన్నచో అవి బేరింగులను తినివేస్తవి.

చల్లార్చే నీరు మన సీమలో చాలచోట్ల చవుడు నీరు. కెటిల్‌లో తెల్లని పొర కట్టినట్లే ఇంజను చుట్టూ ఉన్న నీటిగదిలోను పొర కడుతుంది. దానితో వేడి బయటికి పోదు. నీటితో చల్లారే ఇంజనుకు వీలైనంతవరకు కుంటలో పట్టిన వాననీటినే వాడవలెను. నీరు అందక ఇంజను కాగిపోయినప్పుడు తొందరపడి చన్నీళ్లు పోయరాదు, లోహం పగులుతుంది. ఆపి, తానే చల్లారనివ్వవలెను.

రోగిని చూచి వైద్యుడు నాలుక చూపుమన్నట్లు ఇంజను యజమాని పొగను చూడవలెను. నల్లని పొగ వచ్చిన, భారం మించినదో, గాలి అందలేదో, నాజిల్ చెడినదో అని అర్థం. నీలిపొగ అయితే కందెననూనె కాలుతున్నది. వేడెక్కిన పిమ్మట కూడ తెల్లపొగ విడువకున్నచో డీజిల్ సరిగా అంటుకొనుట లేదు, లేదా నీరు చేరినది.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. పంపు నీటిని పీల్చగల లోతు ఆచరణలో ఆరేడు మీటర్లే. పూర్వం నీరు దిగిపోయినకొద్దీ ఇంజనును బావిలో దించేవారు. అది ప్రాణాంతకం. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. బావిలో నిలిచిన ఆ వాయువు దిగిన మనిషిని, అతనిని రక్షించబోయిన రెండవ మనిషిని కూడ బలిగొనగలదు. ఇంజను ఎల్లప్పుడు పైన, గాలి ఆడేచోటనే ఉండవలెను. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవ్రేలు కూడ మిగిలిన వ్రేళ్ల వైపుననే ఉంచి పట్టుకొనవలెను. అది వెనుకకు కొట్టినప్పుడు బొటనవ్రేలు విరగకుండును.

సీజను ముగిసిన పిమ్మట నీరంతా వదలివేసి, పొగగొట్టాన్ని, గాలిదారిని గుడ్డతో మూయవలెను. లేనిచో కందిరీగలు గూడు పెడతవి. వాటిని తీయనిదే ఇంజను తిప్పకూడదని ఒక చీటీ హ్యాండిల్‌కు కట్టుట మేలు. నెలకొకసారి మూతలు తీసి, నీరు పోసి, పంపుతో సహా బాగా వేడెక్కేవరకు నడపవలెను; తిప్పి వెంటనే ఆపుట మేలుకంటె కీడే చేస్తుంది. ఒక ఫిల్టరు, ఒక నాజిల్, కొన్ని వాషర్లు ఇంట ఉంచుకొన్నచో పట్నానికి పరుగు తప్పుతుంది.

విత్తనాల కాయలను ఎలుకలు కొట్టకుండ ఏడాది పొడవునా కాచుకొనే రైతుకు ఈ శ్రద్ధ కొత్త కాదు. నెలకు ఒక పూట ఇంజను కొరకు కేటాయించిన చాలును; ఊడలు దిగేవేళ బెట్ట పడిననాడు మొదటి తిప్పుకే అది పలుకుతుంది.