టమోటాకు సూదిపోటు!

పైకి చూస్తే ఎర్రగా నిగనిగలాడే కాయే. ముచ్చిక దగ్గర మాత్రం గుండుసూదితో పొడిచినంత బెజ్జం. కోసి చూస్తే లోపల సొరంగం, నల్లటి విసర్జన. అలాంటి కాయలు నాలుగు కనిపిస్తే చాలు, మదనపల్లె మార్కెట్ యార్డులో ఆ సరుకు ధర పడిపోయినట్టే!

ఈ పురుగు పేరు టూటా అబ్సల్యూటా. మనవాళ్లు పిన్‌వార్మ్ అంటారు. ఊజి అనే మాటా వినిపిస్తుంది. పట్టుపురుగుల్ని చంపే ఊజి ఈగ ఈ ప్రాంతానికి పాత శత్రువు కదా, ఆ కోపంతో పెట్టిన పేరేమో! నిజానికి ఇది ఈగ కాదు, బూడిదరంగు రెక్కల పురుగు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. 2006లో స్పెయిన్‌లో దిగింది. యూరప్, ఆఫ్రికాలను చుట్టేసి 2014లో పుణె ప్రాంతంలో మనదేశపు టమోటాను పట్టుకుంది.

ఆడ పురుగు ఒక్కటే 260 దాకా గుడ్లు పెట్టగలదు. వెచ్చటి వాతావరణంలో నెల తిరక్కుండానే మరో తరం సిద్ధం. ఆకు మీద మెలికల గీతలుంటే అది మామూలు పాముపొడ. గీతలు కాకుండా పొక్కుల్లాంటి వెడల్పాటి మచ్చలుంటే దీన్ని అనుమానించాల్సిందే. ఆకు పొరల మధ్య, కాయ లోపల దాక్కునే పురుగుకు పైన కొట్టిన మందు ఎలా తగులుతుంది? ఒకే మందును పదేపదే కొడితే తట్టుకోవడమూ నేర్చుకుంటుంది. చాలా దేశాల్లో జరిగిందదే.

అందుకే పోరు నారుమడిలోనే మొదలుకావాలి. సన్నకన్నుల వలకింద పెంచిన, మచ్చల్లేని నారే నాటాలి. నాటిన వెంటనే లింగాకర్షక బుట్టలు పెట్టాలి. వాటిలో పడేవి మగ పురుగులే కాబట్టి బుట్టలున్నాయి కదా అని నిశ్చింతగా ఉండకూడదు. మచ్చల ఆకులు, బెజ్జాల కాయలు ఏరి లోతుగా పాతిపెట్టాలి. గుడ్ల దశలో ట్రైకోగ్రామా పరాన్నజీవులు, వేప మందులు సాయపడతాయి. మందు తప్పనిసరైతే వ్యవసాయ శాస్త్రవేత్తల్ని అడిగి, రకం మార్చి మార్చి కొట్టాలి.

అసలు చిక్కు ధరతో ఉంది. 2023 జులైలో మదనపల్లెలో కిలో రూ.200 దరిదాపులకు వెళ్లిన టమోటాయే, ధర పడితే కోతకూలికీ చాలదు. అప్పుడు పుంగనూరు రైతైనా, కుప్పం రైతైనా కాయ కోయకుండా తోటను వదిలేస్తాడు. అతణ్ని తప్పుపట్టలేం. కానీ ఆ తోటే పురుగుకు పుట్టిల్లవుతుంది. పక్క పొలంలో అప్పు తెచ్చి నాటిన నారుమీదకి వాలేది అక్కడి నుంచే. కాబట్టి వదిలేసిన తోటను పీకి పాతేసి దున్నించాలి. నేలలోని కోశాలూ పోతాయి. తర్వాత వంకాయ, బంగాళాదుంప జోలికి పోకూడదు. అవీ దీనికి ఇష్టమే. జొన్న, మొక్కజొన్న మేలు.

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకున్న కుప్పంలో మరో జాగ్రత్త కూడా అవసరం. నారుతో, కాయలతో, క్రేట్లతో కలిసి ఈ పురుగు ప్రయాణిస్తుంది. మార్కెట్ నుంచి తిరిగొచ్చిన ఖాళీ క్రేట్లను తోట గట్టున దించే ముందే శుభ్రంగా కడగాలి.