నీటితొట్టికి కాపరి: అయస్కాంతపు రీడ్ స్విచ్

తొట్టి నిండిన సంగతి యెఱుగక మోటారును నడుపుటచే నీరును విద్యుత్తును వ్యర్థమగుట మన గ్రామములలో నిత్యము చూచుచున్నదే. దీనిని నివారించుటకు స్వల్పవ్యయముతో దొరకు చిన్న సాధన మొకటి కలదు. దానిని రీడ్ స్విచ్ అందురు.

ఇది సాధారణముగ 14 మిల్లీమీటర్ల పొడవుగల సన్నని గాజుగొట్టము. లోపల ఇనుము, నికెలు కలిసిన రెండు రేకులు కొనలవద్ద కొద్ది యెడముతో నుండును. తుప్పు పట్టకుండుటకై నత్రజనివంటి వాయువును నింపి గొట్టమును మూసెదరు. అయస్కాంతము సమీపించినంతనే రేకులు ఒకదాని నొకటి ఆకర్షించుకొని కలియును, విద్యుత్తు ప్రవహించును. అయస్కాంతము తొలగినంతనే అవి తమ బిగువుచే విడిపోవును. దీనిని 1936లో అమెరికాయందలి బెల్ టెలిఫోను ప్రయోగశాలలో వాల్టర్ ఎల్వుడ్ అను నతడు అభివృద్ధి చేసెను.

ఎక్కడ దొరకును? హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీవంటి ఎలక్ట్రానిక్ సామగ్రి అంగళ్లలో దొరకును. పాడైన తలుపు అలారములలోను, సైకిలు వేగమాపకములలోను ఇవి యుండును. వానిని విప్పి తీయవచ్చును. తీసినదానిని మల్టీమీటరుతో పరీక్షింపవలెను. అయస్కాంతమును చేర్చినపుడు కలిసి, తీసినపుడు విడిపోవునదియే మంచిది.

గాజు మిగుల సుకుమారము. తీగను వంచునపుడు గాజునకు, వంపునకు నడుమ పట్టకారుతో గట్టిగా పట్టుకొని, గాజునకు కనీసము 3 మిల్లీమీటర్ల దూరమున వంచవలెను. తీగను మిక్కిలి పొట్టిగా కత్తిరించినచో అయస్కాంతమును గుర్తించు శక్తి తగ్గును.

ఇక అమర్చు విధము. ఒక పీవీసీ గొట్టపు అడుగును నీరు చొరకుండ మూసి తొట్టిలో నిలువుగా నిలుపుడు. లోపల కావలసిన ఎత్తున స్విచ్చిని నిలువుగా బిగింపుడు. వెలుపల థర్మోకోలు తెప్పకు కంకణాకారపు అయస్కాంతము నమర్చి, గొట్టమువెంబడి పైకి క్రిందికి జారునట్లు చేయుడు. స్విచ్చికి ఎదురుగా తెప్ప ఆగునట్లు పైన అడ్డు నుంచవలెను. లేనిచో అయస్కాంతము స్విచ్చిని దాటిపోయి గంట ఆగిపోవును. 9 వోల్టుల బ్యాటరీని, చిన్న బజరును, స్విచ్చిని వరుసగా కలిపినచో తొట్టి నిండగనే గంట మ్రోగును. వారమున కొకమారు తెప్పను చేతితో లేపి గంట మ్రోగుచున్నదో లేదో చూడవలెను.

ముఖ్యమైన హెచ్చరిక: మోటారు తీగను ఈ స్విచ్చికి నేరుగా కలుపరాదు. ఈ చిన్నరకపు స్విచ్చి సాధారణముగ అర ఆంపియరు, 10 వాట్లకు మించి మోయలేదు. ఒక గుఱ్ఱపుశక్తి మోటారు శక్తియే 746 వాట్లు. మఱియు మోటారు ప్రారంభమున కొన్ని రెట్లు ప్రవాహమును లాగును. అంతట రేకులు అతుకుకొనిపోయి మోటారు ఆగకయే యుండవచ్చును. అంతకంటె ఘోరము, 230 వోల్టుల విద్యుత్తు తొట్టినీటికి సోకినచో మనుష్యులకు, పశువులకు ప్రాణాపాయము. కనుక తొట్టిలో 12 వోల్టులకు మించనీయకుడు.

మోటారు తానై ఆగవలెనన్నచో నడుమ రిలేయు, కాంటాక్టరును అవసరము. రిలే ఆగునపుడు పుట్టు ఎదురుపోటు రేకులను కాల్చకుండ, దాని చుట్టకు అడ్డముగా డయోడును తిరగవేసి కలుపవలెను. ఈ పనిని లైసెన్సుగల విద్యుత్ పనివానిచేతనే చేయించుడు. గంటవఱకు మాత్రము ఏ రైతు బాలుడైనను స్వయముగా చేసికొనగలడు.