రూబీభాషలో గర్భితరూపముల సామ్యనిర్ణయము

పద్యమును బరీక్షించువాఁడు రెండువిధములైన కొలతల నొక్కమాఱే వాడుచుండును. ప్రాసస్థానమున నదే హల్లు రావలయును. యతిస్థానమునఁ జకారమునకు శకారము మిత్రమై నిలిచిన దోషము లేదు. ఒకచోటఁ దాదాత్మ్యము, వేఱొకచోట మైత్రి. కంప్యూటరునకు రెండు వివరపట్టికల నిచ్చి యివి యొకటియేనా యని యడుగునపుడు కావలసినదియు నీ వివేకమే. వ్రాఁతప్రతుల జాబితాలను యంత్రమున కెక్కించి, ఒకే ప్రతి రెండుచోట్ల నమోదైనదా యని వెదకువారికి నీ ప్రశ్న తప్పక యెదురగును. ఇందుఁ బొరపాటు జరిగినచో రెండు భిన్నప్రతులు జాబితాలో నొక్కటిగాఁ గలిసిపోయి, యొకదానిలోని పాఠము పరిష్కర్త కంటఁబడకయే పోవును.

రూబీ యనునది జపానుదేశీయుఁడగు యుకిహిరో మత్సుమోతో 1993 లోఁ బ్రారంభించి 1995 లోఁ బ్రకటించిన ప్రోగ్రామింగు భాష. అందు వివరములను దాఁచుటకు రెండు పాత్రలు ముఖ్యములు. వరుసగాఁ బేర్చునది అర్రే; నిఘంటువువలె శీర్షికకు విలువను జతపఱచునది హ్యాష్. ఒకదానిలో నొకటి యిముడుటచే గర్భితరూప మేర్పడును. ఒక ప్రతి వివరమును హ్యాష్‌గా వ్రాసినచో, గ్రంథనామమున కెదుట నొక పేరు, కర్తల కెదుటఁ బేర్ల అర్రే, ప్రతి యను శీర్షిక కెదుట మఱియొక హ్యాష్, దానిలో నాకులసంఖ్య, లేఖకుఁడు, లేఖనశకము నుండును.

రూబీలో జంటసమచిహ్నము (==) ఇట్టి రెండు రూపములను లోపలిదాఁకఁ బోల్చి యవునని గాని కాదని గాని చెప్పును. హ్యాష్‌లలో శీర్షికల వరుస మాఱినను అది పట్టించుకొనదు. అర్రేలలో వరుస మాఱినఁ గాదనును. కాఁబట్టి ఆంధ్రమహాభారత కర్తలను నన్నయ, తిక్కన, ఎఱ్ఱన యని యొకరును, తిక్కన, నన్నయ, ఎఱ్ఱన యని మఱియొకరును వ్రాసినచో మొత్తము వివరమే భిన్నమని తీర్పు వచ్చును. ఇంకొక చిక్కు: శీర్షికలను సింబల్ జాతిలో వ్రాసిన హ్యాష్‌ను, స్ట్రింగులుగా వ్రాసిన హ్యాష్‌ను మనము చదువునపు డొకటియే; రూబీకి వేఱు.

అక్షరములలోఁ గూడ నిట్టి మాయ కలదు. యూనికోడ్ సంకేతమున ఐత్వము నొకే గుర్తుగా వ్రాయవచ్చును. ఎత్వపు గుర్తు, ఐత్వపుఁ దోఁక యను రెండుగాను వ్రాయవచ్చును. కంటి కొక్కటే, పోలికకు వేఱు. దీనిని సవరించుటకు 2014 లో వెలువడిన రూబీ 2.2 మొదలుకొని యూనికోడ్-నార్మలైజ్ అను సాధనము కలదు. కాని ఎఱ్ఱన, ఎర్రన యనువాని నది యొకటి చేయదు. వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ 1965 లోఁ బ్రకటించిన పద్ధతిచే నెన్నిగుర్తులు మార్చిన నొకటి రెండవదగునో లెక్కించినచో, ఐదు గుర్తులలో రెండు మాఱును, సామ్యము 0.6. అక్షరములనే యెంచిన మూఁటిలో నొకటి మాఱును, సామ్యము 0.67. మనకుఁ దెలిసిన సామ్యము 1. ఇఁక రామరాజభూషణుఁ డని యొక జాబితాలో, భట్టుమూర్తి యని మఱియొకదానిలో నున్నచో నే యక్షరగణనయుఁ బనికిరాదు. నామాంతరముల పట్టికను ముందుగాఁ బండితుఁడే సిద్ధపఱుపవలయును.

2019 లో రూబీ 2.7 తోఁ బ్రయోగదశలో వచ్చి, 2020 లో 3.0 తో స్థిరపడిన కేస్-ఇన్ పద్ధతి గర్భితరూపముల కొక నమూనాను గీచి చూపును. హ్యాష్ నమూనాలోఁ జెప్పని శీర్షిక లెన్ని యధికముగా నున్నను బాధ లేదు. అర్రే నమూనాలో నక్షత్రపు గుర్తు లేనిచో సంఖ్య సరిపడవలయును. శకము 1600, 1700 ల నడుమ నుండవలె ననియు నడుగవచ్చును. ఇది మిక్కిలి యందమైన సాధనమే. కాని జల్లెడయే గాని త్రాసు కాదు. ఎంతమట్టుకు సరిపోయినదో చెప్పదు.

త్రాసును మనమే నిర్మింపవలయును. దాని మార్గమిది: ఒకే ప్రక్రియ రెండు విలువలను దీసికొనును, అవి హ్యాష్‌లైనచోఁ బ్రతి శీర్షిక విలువలకును దన్నుఁ దానే మరల పిలిచికొనును, అర్రేలైనచో నంగముల జతపఱచును, పేరులు సంఖ్యలైనచో నేరుగాఁ బోల్చి 0 మొదలు 1 వఱకు నంకె నిచ్చును. కష్టమంతయు అర్రేలలోనే యున్నది. పర్వములకు వరుస ప్రాణము. పదునెనిమిది పర్వముల పట్టికతో సభాపర్వము లోపించిన పట్టికను స్థానక్రమమునఁ బోల్చినచో ఆదిపర్వ మొక్కటే కలియును, తక్కినవన్నియు నొక్కొక్క స్థానము జరిగిపోవును; సామ్యము 18 లో 1. రెంటికిని సాధారణమైన దీర్ఘతమ క్రమమును వెదకినచో 18 లో 17. కర్తలకు వరుస లేదు; అచ్చట నెవరి కెవరు జత యని తేల్పవలయును. మూఁడుపేర్లకు నాఱు విధములు, పది పేర్లకు 36,28,800 విధములు. అన్నియుఁ దిరుగకయే యుత్తమమైన జతలఁ గనుఁగొను నుపాయమును హెరాల్డ్ కూన్ 1955 లోఁ బ్రకటించెను.

శీర్షికయే లేనిచోఁ జదరపుఁగుండలములతో నడిగినను, డిగ్ అను సాధనముతో లోపలికిఁ ద్రవ్వినను, రూబీ సామాన్యముగా నిల్ అను శూన్యమునే యిచ్చును. లేఖకుని పేరు వ్రాయకుండుట వేఱు, వేఱొక లేఖకుని పేరు వ్రాయుట వేఱు. మొదటిది మౌనము, రెండవది విరోధము. మౌనమును సున్నగా లెక్కించుట యన్యాయమని నా మతము. దానిని లెక్కనుండి తొలఁగింపవలయును.

ఇపు డొక యుదాహరణము. గ్రంథనామమునకు 4, కర్తలకు 3, ప్రతికి 3 పాళ్లు బరువనుకొందము. రెండు వివరములలో గ్రంథనామము నొకటే, కర్తలు నొకరే. ప్రతిలోపల నాకులు 112 రెంటను సమానము. లేఖకుఁ డొకదానిలో లేఁడు. శకము 1640 ఒకదానిలో, 1702 మఱియొకదానిలో. మౌనమును దొలఁగింపఁగాఁ బ్రతికి సగము, అనఁగా 1.5. మొత్తము పదింట 8.5. ఎనిమిది దాఁటినవి యొకటే యని నియమించుకొన్నచో యంత్రము రెంటిని గలిపివేయును. శకములు సరిగాఁ జదివినవైనచో నవి యఱువదిరెండేండ్ల యంతరముగల వేఱువేఱు ప్రతులు! గ్రంథ మొకటే యని చెప్పవలసిన యంకె, ప్రతి యొకటే యని పలికినది. బరువులను మార్చినంత మాత్రమున నీ దోషము పోదు. రూపము గర్భితమైనపుడు ఫలమును గర్భితముగనే యుండవలయును: ప్రక్రియ యొక్క యంకెను గాక, గ్రంథనామము 1, కర్తలు 1, ప్రతిలో నాకులు 1, లేఖకుఁడు నిల్, శకము 0 అని యదే యాకారముగల హ్యాష్‌ను దిరిగి యియ్యవలయును. అపుడు గ్రంథము నిర్ణయించువాఁడు పైశాఖలనే చూచును. ప్రతులఁ గలుపఁబోవువాఁడు శకము కెదుటి సున్నను జూచి తాళపత్రములను మరల విప్పును.