వార్తల్లో పదం: బ్యాంక్‌ అప్రెంటిస్‌
నోటిఫికేషన్లలో తరచూ కనిపిస్తున్న ‘బ్యాంక్‌ అప్రెంటిస్‌’ ఉద్యోగి కాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద బ్యాంకు శాఖలోనే పని నేర్చుకునే శిక్షణార్థి. స్టేట్‌ బ్యాంకు 2023లో 6,160 మంది కోసం ప్రకటన ఇచ్చింది: డిగ్రీ అర్హత, వయసు 20–28 ఏళ్లు, ఏడాది శిక్షణ, నెలకు రూ.15,000 స్టైపెండ్‌. ఆన్‌లైన్‌ పరీక్ష తర్వాత స్థానిక భాషా పరీక్ష ఉంటుంది. పదిలోనో ఇంటర్‌లోనో తెలుగు చదివినట్టు చూపితే అదీ అక్కర్లేదు. మార్కాపురం, గిద్దలూరు లాంటి పట్టణాల డిగ్రీ విద్యార్థులకు ఈ మినహాయింపు కలిసొచ్చేదే. పాస్‌బుక్‌తో కౌంటర్‌కొచ్చే రైతుతో మాట్లాడాల్సింది తెలుగులోనే కదా!

శిక్షణ ముగిశాక ఇచ్చేది సర్టిఫికెట్టే, కొలువు కాదు. స్టేట్‌ బ్యాంకు క్లర్కు స్థాయి జూనియర్‌ అసోసియేట్‌ నియామకాల్లో మాత్రం కొంత వెసులుబాటు ఉంటుంది. ఒకసారి అప్రెంటిస్‌గా చేసినవారు మళ్లీ దరఖాస్తు చేయడానికి అనర్హులు. అందుకే ప్రకటన పూర్తిగా చదివాకే దరఖాస్తు చేయండి.