పాత జీపుల కమానుకట్టలు: బాగుచేయు విధము

గంగవరము, పలమనేరు ప్రాంతముల రైతులకు పంటను మదనపల్లె మార్కెట్టునకు చేర్చుటలో తారురోడ్డు కంటె, పొలమునుండి ఆ రోడ్డువరకు గల బాటయే ఎక్కువ కష్టము కలిగించుచున్నది. రాళ్లు, వంకలు, వానకు కోసికొనిపోయిన గండ్లు దాటునప్పటికి గంపలలోని టమాటాలు నలిగి వెల తగ్గును. అందుచే నాలుగు చక్రములకును ఇంజనుశక్తి అందెడు పాత జీపులు గల సభ్యులు, కమానుకట్టలకు పట్టీలు చేర్చి బండిని ఎత్తుచేయవచ్చునా యని అడుగుచున్నారు. ఆ విషయమునే ఇచ్చట వివరించుచున్నాము.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యము వాడిన విల్లీస్ జీపు మన మహీంద్రా జీపులకు మూలము. దానివలెనే ఈ పాత బండ్లకు ముందు వెనుకలను ఉక్కుపట్టీల కమానులే యుండును. పట్టీలు వంగుచు, ఒకదానిపై నొకటి జారుచు, కుదుపును మ్రింగివేయును. అంతేకాదు, నేల ఎగుడుదిగుడుగా నున్నను చక్రమును నేలకు అంటిపెట్టుకొనియుండునట్లు చేయును. ఇదియే ముఖ్యము. చక్రమొకటి గాలిలోనికి లేచినయెడల, సాధారణమైన డిఫరెన్షియల్ గల బండిలో ఆ చక్రమే వట్టిగా తిరుగును. నేలమీది దాని జత చక్రము బండిని లాగజాలదు.

కాబట్టి పట్టీలు చేర్చినకొలది మేలని తలంచుట పొరపాటు. పట్టీ మందము రెట్టింపైనచో బిరుసుతనము ఎనిమిది రెట్లగును. బిరుసైన కమాను వంగదు. చక్రము లేచును, గంపలు అదరును. వెనుకవైపున ఎల్లప్పుడు బరువు మోయు బండికి మాత్రము పలుచని పట్టీ నొకదానిని ఇరుప్రక్కలను సమానముగా చేర్చవచ్చును.

క్రొత్త సామాను కొనుటకు ముందు ఉన్నదానిని బాగుచేయవలెను. పట్టీలను విడదీసి, త్రుప్పును తీగకుంచెతో గీకి, గ్రాఫైటు గ్రీజు పూయవలెను. చీలిన పట్టీని మార్చవలెను. కుంగినవానిని కమానులపని తెలిసిన కమ్మరిచే తిరిగి వంపు తీర్పించవలెను. అరిగిన బుష్షులు మార్చి, యు బోల్టులు బిగించి, కొన్ని దినములు నడిపినపిదప మరల బిగింపు చూడవలెను. షాకబ్జర్లనుండి నూనె కారుచున్నచో వానిని మార్చవలెను. అవి చెడినచో కమాను ఊగుట ఆగక బండి గెంతులు వేయును.

ఈ పని చేయునప్పుడు జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రిందికి పోరాదు. ఛాసీ క్రింద బలమైన స్టాండులు పెట్టవలెను. పట్టీలను బిగింపులో పట్టియుంచిన తరువాతనే నడిమి బోల్టు విప్పవలెను; లేనిచో అవి ఎగిరి గాయపరచును.

పొడవైన షాకిళ్లు వేసి ఎత్తుచేయుట చౌకయే గాని, దానివలన ముందుచక్రముల కోణము మారి స్టీరింగు నిలుకడ తప్పవచ్చును. ప్రొపెల్లరు షాఫ్టు కీళ్లు త్వరగా అరుగును. చక్రము క్రిందికి వ్రేలాడునప్పుడు బ్రేకుగొట్టము బిగుసుకొని తెగవచ్చును. అన్నిటికంటె మిన్నగా, బరువు ఎత్తునకు పోవుటచే ఏటవాలున బండి బోల్తాపడు భయము హెచ్చును. గంపలపై కూలీలు కూర్చున్నచో అది ప్రాణాపాయమే. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది గనుక, అట్టి పనికి ముందు రవాణా అధికారులను విచారింపవలెను.

ఇసుకలోను, మెత్తని నేలలోను టైరుగాలి కొంత తగ్గించినయెడల పట్టు హెచ్చును, కుదుపును తగ్గును. తారురోడ్డు ఎక్కుటకు ముందు మరల గాలి నింపుట మరువరాదు.

స్టాండులు, బిగింపులు, గ్రీజు ప్రతివారును వేర్వేరుగా కొననక్కరలేదు. నలుగురైదుగురు సభ్యులు కలిసి కొనియుంచుకొని, పంట కోతకు రాకముందే తమ బండ్లను వరుసగా పరీక్షించుకొనిన, ఖర్చు పంచుకొనబడును. కోతదినమున బండి బాటలో నిలిచిపోదు.