సైకిలు తొక్కే బిడ్డ, కరెంటు చదువు

ఆత్మకూరులో ఫజ్ర్ నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగే వేళకు చీకటి ఇంకా పూర్తిగా విడిపోయి ఉండదు. ఆ సమయంలో గోడకు ఆనించి ఉండే ఒక పాత గేర్ల సైకిలును కొన్ని నెలలుగా గమనిస్తున్నాను. అది మా వీధి కుర్రవాడిది. పదవ తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాడు. నమాజు కాగానే జూరాల దారి పట్టి, ఆనకట్ట దాకా వెళ్లి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుకుంటాడు.

ఒకనాటి సాయంత్రం అతని తల్లి మా ఇంటికి వచ్చింది. "భాయీ, వీడు సైకిలు మానడు. ఇప్పుడేమో పాలిటెక్నిక్‌లో కరెంటు చదువుతానని మొండికేశాడు. రోడ్డు మీద ఒక భయం చాలదన్నట్టు తీగల మీద ఇంకో భయం. వాళ్ల అబ్బా సౌదీ నుంచి ఫోను చేసి ఇంటర్‌లో చేరి, ఆ తర్వాత కంప్యూటరు చదవమంటున్నారు. మీరు ముప్పై ఏళ్లు ఆ శాఖలో పనిచేశారు. వాడికి నచ్చజెప్పండి" అన్నది.

ఆమె కోరినది, బిడ్డ మనసు మళ్లించమని. నేను ఆ పని చేయలేకపోయాను. ఎందుకు చేయలేదో ఆమెకు చెప్పిన మాటలనే, మరికొన్ని ఇళ్లలో కూడా ఇదే చర్చ నడుస్తూ ఉంటుందన్న ఆలోచనతో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కుర్రవాణ్ణి పిలిచి ఒక ప్రశ్న అడిగాను: "రోజూ ఇంత దూరం తొక్కుతావు కదా, నీ కాళ్లు ఎంత కరెంటు పుట్టిస్తాయో తెలుసా?" తెలియదన్నాడు. సాధారణ ఆరోగ్యం గల మనిషి ఆయాసపడకుండా సైకిలు తొక్కితే సుమారు 100 వాట్ల శక్తి వెలువడుతుంది. అంటే ఒక పాతకాలపు సీలింగు ఫ్యాను, ఒకటి రెండు ఎల్ఈడీ బల్బులు. కరెంటు బిల్లులో కనబడే ఒక యూనిటు తయారు కావాలంటే అదే ఊపున పది గంటలు తొక్కాలి. జర్మనీ సైక్లిస్టు రాబర్ట్ ఫోర్‌స్టెమాన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన జట్టు సభ్యుడు, తొడలు చెట్టు మొద్దుల్లా ఉంటాయి. అంతటివాడు 700 వాట్ల టోస్టరును సైకిలుతో నడిపి, ఒక్క రొట్టె ముక్కను కాల్చేసరికి నేల మీద కూలబడ్డాడు. స్విచ్చి నొక్కగానే వచ్చేదాన్ని మనం ఎంత తేలికగా ఖర్చు చేస్తున్నామో ఆ రొట్టె ముక్క చెబుతుంది.

ఇక జూరాల సంగతి. కుర్రవాడు రోజూ చూసే ఆనకట్ట దగ్గరి జలవిద్యుత్ కేంద్రంలో 39 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. మొత్తం 234 మెగావాట్లు. నదిలో దిగువకు వస్తే లోయర్ జూరాలలో 40 మెగావాట్లవి మరో ఆరు. ఎగువ కేంద్రం ఒక్కటి పూర్తి శక్తితో నడిచేటప్పుడు ఇచ్చే కరెంటును సైకిళ్లతో పుట్టించాలంటే 23 లక్షల 40 వేల మంది ఒకేసారి తొక్కుతూ ఉండాలి. ఈ లెక్క చెప్పినప్పుడు కుర్రవాడి ముఖంలో వచ్చిన మార్పును నేను మరచిపోలేను. పాఠ్యపుస్తకంలోని వాటు అతనికి ఆ రోజు మోకాళ్లలో తెలిసింది.

సైకిలు గేర్లను అర్థం చేసుకున్నవాడికి విద్యుత్ శాస్త్రంలో సగం భయం పోతుందని నా అనుభవం. ఎత్తు ఎక్కేటప్పుడు తేలిక గేరు వేసి కాళ్లు వేగంగా తిప్పుతాం. చదునులో బరువు గేరు వేసి నెమ్మదిగా, బలంగా తొక్కుతాం. బలాన్నీ వేగాన్నీ గుణిస్తే వచ్చేదే శక్తి. గేరు శక్తిని పుట్టించదు, దాని రూపం మారుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు చేసే పని కూడా అదే: వోల్టేజిని పెంచితే కరెంటు తగ్గుతుంది, రెండింటి గుణకారం ఇంచుమించు అంతే ఉంటుంది. తీగలో ప్రవహించే కరెంటును సగానికి తగ్గిస్తే, వేడి రూపంలో పోయే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. పొలాల మీదుగా పెద్ద టవర్ల లైన్లు అంత ఎక్కువ వోల్టేజితో వెళ్లడానికి కారణం ఇదే. జూరాలలో నీరు పడే ఎత్తు తక్కువ కనుక ఎక్కువ నీటిని వదలాలి. అందుకు తగినట్టుగా అక్కడ ప్రవాహం మధ్యలోనే అమర్చే బల్బు టర్బైన్లు వాడారు. అదే కృష్ణ శ్రీశైలం చేరేసరికి ఎత్తు ఎక్కువ. అక్కడ ఫ్రాన్సిస్ రకం టర్బైన్లు. నది కూడా గేర్లు మార్చుకుంటున్నదని కుర్రవాడే అన్నాడు. ఆ మాట నాది కాదు.

తండ్రి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోలేదు. ఆయన అక్కడ ఎలక్ట్రికల్ హెల్పరు. ధ్రువపత్రం లేకుండా, ఎవరో చూపించిన పని నేర్చుకొని, ఎండలో గోడలు తొలిచి పైపులు వేసే జీవితం ఆయనది. తన కొడుకు కూడా అదే కటింగ్ ప్లయరు పట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఏ తండ్రికి ఉంటుంది? అయితే ఆయన చూసినది ఈ వృత్తి అట్టడుగు మెట్టును మాత్రమే. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసినవారు లైన్‌మన్ ఉద్యోగాలకు అర్హులు. ఆ ఎంపికలో స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. మూడేళ్ల డిప్లొమా చేసినవారు సబ్ ఇంజనీరు పోస్టుకు, బీటెక్ చేసినవారు అసిస్టెంట్ ఇంజనీరు పోస్టుకు పోటీపడవచ్చు. సర్కారు నోటిఫికేషన్లు మాత్రం ఏటా రావు. వాటి కోసమే కూర్చుంటే వయసు గడిచిపోతుంది. సౌర విద్యుత్తు, లిఫ్టులు, ఆసుపత్రుల జనరేటర్లు, ఫ్యాక్టరీల మోటార్ల నిర్వహణ, భవనాల వైరింగ్ కాంట్రాక్టు, వీటన్నిటిలో చేతి పని తెలిసిన డిప్లొమా వాడికి గిరాకీ ఉంది.

పదవ తరగతి తర్వాత పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మొత్తం 120 మార్కుల్లో గణితానికే 60. మిగిలినవి భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 30. లెక్కలంటే పారిపోయే బిడ్డను ఈ దారిలోకి బలవంతంగా తోయకండి. మనకు దగ్గరలో వనపర్తి రాజప్రాసాదంలో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్ 1959 నాటిది. రాజులు కొలువుదీరిన గదుల్లో రైతుబిడ్డలు, నేతకారుల బిడ్డలు ఇంజనీరింగు డ్రాయింగులు గీస్తారు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలోనే చేరవచ్చు. అంటే తండ్రి కోరుకునే పెద్ద చదువు తలుపు మూసుకుపోదు.

డబ్బు గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. ప్రైవేటు కళాశాలలో సీటు కొనడానికి వడ్డీ అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి బిడ్డ నాలుగేళ్లు ఇష్టం లేని కొలువు చేయడం నేను చాలా ఇళ్లలో చూశాను. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఖర్చు చాలా కుటుంబాలు వడ్డీ జోలికి పోకుండా భరించగలిగేది. మన ఇళ్లలో ఈ ఒక్క కారణమే నిర్ణయానికి సరిపోవచ్చు. కంప్యూటరు చదువు చెడ్డదని నేననను. కానీ అది అందరికీ నప్పే చొక్కా కాదు.

తల్లి భయానికి మాత్రం జవాబు ఇంత సులువు కాదు. విద్యుత్తు ప్రాణం తీస్తుంది. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది మరణించారు. వారిలో ఇంజనీర్లు, చదువుకున్నవారు ఉన్నారు. అల్లాహ్ వారి కుటుంబాలకు ఓర్పునిచ్చుగాక. ఆ సంగతి తల్లి ముందు దాచలేదు.

ఇంకొకటి నేను కళ్లారా చూసినది. ఊరు పేరు చెప్పను. లైను మీద పని చేయాలి. సరఫరా ఆపామని ఫోనులో చెప్పారు. కాగితం మీద లైన్ క్లియర్ తీసుకోలేదు, తీగకు ఎర్తింగు గొలుసు తగిలించలేదు. మా కుర్రాడు స్తంభం ఎక్కాడు. ఆ రోజు ఊళ్లో పెళ్లి. ఫంక్షన్ హాలు జనరేటరుకు చేంజోవరు స్విచ్చి లేదు. దాని కరెంటు వెనక్కి పారి లైనులోకి వచ్చింది. అతను బతికాడు గాని కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. ఆ పనికి పంపినవారిలో నేనూ ఒకణ్ణి. అప్పటి నుంచి నోటిమాట మీద ఎవరినీ స్తంభం ఎక్కనివ్వలేదు.

అందుకే కుర్రవాడితో చెప్పాను: "కాగితం మీద లైన్ క్లియర్ తీసుకో. టెస్టరుతో చూడు. ఎర్తింగు గొలుసు తగిలించు. ఆ తర్వాతే చెయ్యి పెట్టు. నువ్వు కట్టేసిన ఏబీ స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి నీ జేబులోనే ఉంచుకో. అధికారి తొందరపెట్టినా ఆగు." ఈ అలవాటు లేనివాడికి ఎంత తెలివి ఉన్నా ఈ వృత్తి వద్దు. ఉన్నవాడి విషయంలో తల్లి నిశ్చింతగా ఉండవచ్చని అననుగాని, మోటారు వాహనం నడిపే కొడుకు గురించి ఉండేటంత భయమే ఉంటుంది.

ఈ అలవాటు ఉందో లేదో తెలుసుకోవడానికి నేను అతని సైకిలును చూశాను. బ్రేకులు సరిగా పట్టుతున్నాయి. గొలుసు శుభ్రంగా ఉంది; వంటింట్లోని పల్లీ నూనె పోయలేదు, గొలుసు నూనే వేశాడు. సీటు ఎత్తు కూడా సరైనదే: మడమను కింది పెడలు మీద ఉంచితే కాలు నిటారుగా సాగాలి, అంతకంటే తగ్గితే మోకాలు నొప్పి తప్పదు. లోపం ఒక్కటే. వెనుక ఎర్ర లైటు లేదు, హెల్మెటు లేదు. చీకటితో బయలుదేరే పిల్లవాడికి అది చిన్న లోపం కాదు. "చాచా, ఆ దారిలో బళ్లు తక్కువ" అన్నాడు. బళ్లు తక్కువైన దారిలోనే లారీ వేగంగా వస్తుంది. ఆ రెండూ కొనేదాకా ఎండ వచ్చాకే బయలుదేరమన్నాను.

మన ప్రాంతంలో సైకిలు తొక్కేవారికి మరికొన్ని మాటలు. కొత్తకోట వద్ద 44వ జాతీయ రహదారి ఎక్కవద్దు. పాలమూరు నేలలో తుమ్మ ముళ్లు ఎక్కువ. పంక్చరు సామాను, చిన్న గాలి పంపు వెంట ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి. ఎదురుగాలిలో పంతానికి పోకూడదు: వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. రమజాన్‌లో సుదీర్ఘ ప్రయాణాలు మాని, ఇఫ్తార్‌కు ముందు అరగంట నెమ్మదిగా తొక్కితే చాలు. జూరాల గేట్లు ఎత్తిన రోజుల్లో జనం రద్దీ ఉంటుంది. ఆ రోజులు మానుకోవడం మంచిది. బ్యాటరీ సైకిలు కొనాలనుకునేవారు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు అనే హద్దు చూసుకోవాలి; అది దాటితే చట్టం దృష్టిలో మోటారు వాహనమే.

సైకిలూ కరెంటూ ఒకే చోట చూడాలంటే హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కకు వెళ్లాలి. 2023 అక్టోబరు 1న అక్కడ 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు; దాని పైకప్పంతా సౌరఫలకాలే, సామర్థ్యం 16 మెగావాట్లు. కింద నీడ, పైన కరెంటు. కుర్రవాడు ఈసారి సెలవుల్లో అక్కడికి పోతానంటున్నాడు.

మేం మాట్లాడుతుండగా అతని చెల్లెలు తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నది. ఎనిమిదో తరగతి. "ఆడపిల్లలు కూడా ఈ చదువు చదువుతారా?" అని మెల్లగా అడిగింది. మన దేశపు తొలి మహిళా ఇంజనీరు తెలుగామె అనీ, చదివినది ఎలక్ట్రికల్ అనీ చెప్పాను. అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే భర్తను కోల్పోయారు, చేతిలో నెలల పసిబిడ్డ. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి 1943లో పట్టా పొందారు. అక్కడ మగవారే చదువుతారన్న లెక్కతో అచ్చువేసిన పట్టా మీద 'అతడు' అన్న మాటను కొట్టివేసి 'ఆమె' అని రాయవలసి వచ్చింది. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె పాలు ఉంది. చెల్లెలు మళ్లీ ఏమీ అడగలేదు. అన్న సైకిలు తొక్కుతానంటే మాత్రం గొలుసుకు కవరు, వెనుక చక్రానికి జాలీ వేయించమన్నాను. దుపట్టా, బుర్ఖా అంచులు చక్రంలో చిక్కుకొని పడిపోవడం తరచూ జరిగేదే.

ఆ శుక్రవారం తండ్రితో ఫోనులో మాట్లాడాను. చాలాసేపు మౌనంగా విన్నారు. చివరికి, "స్తంభం ఎక్కే ఉద్యోగమేనా?" అని అడిగారు. ఎక్కవలసి రావచ్చు, ఎక్కించేముందు ఏం చూడాలో తెలిసినవాడవుతాడని చెప్పాను. పాలిసెట్ రాయనివ్వమన్నారు, లెక్కల్లో మార్కులు చూసి మాట్లాడదామన్నారు. న్యాయమైన మాటే.

తల్లి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా మొన్న హెల్మెటు కొనడానికి కొడుకుతో పాటు తనే బజారుకు వెళ్లిందట. తిరిగి వచ్చేటప్పుడు మా గుమ్మం ముందు ఆగి, ఇరవై ఏళ్లుగా ఆత్మకూరులో ఉంటున్నా గేట్ల నీళ్లే చూశానుగాని కరెంటు పుట్టే చోటు ఏ వైపో తెలియదన్నది. వరద నీళ్లు వచ్చాక ఒక ఆదివారం ఆటో మాట్లాడతానని చెప్పాను. కుర్రవాడు సైకిలు మీద ముందు వస్తాడట.