ఇంజన్ మార్చిన లారీకి ట్యాంకు ఎంతుండాలి?

కుల్కచర్ల ఇంకా రంగారెడ్డి జిల్లాలో ఉన్నప్పుడు ఏపీ 28 నంబరు పడిన పాత లారీ ఒకటి అనుకుందాం. చాసిస్ గట్టిగానే ఉంది, ఇంజన్ అరిగిపోయింది. యజమాని దాన్ని దించేసి కామన్ రైల్ ఇంజన్ బిగించాలనుకుంటున్నాడు. గేర్‌బాక్సు గురించి, రేడియేటర్ గురించి పదిమందిని అడుగుతాడు. డీజిల్ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాతదే ఉండనిమ్మంటాడు, లేదంటే స్క్రాపులో దొరికిన పెద్దది తెచ్చి తగిలిస్తాడు. కొత్త ఇంజన్ మొదటి ఎండాకాలంలోనే మొరాయించడానికి ఈ అశ్రద్ధ చాలు.

ముందు ఎన్ని లీటర్లు కావాలో చూద్దాం. తాండూరులో నాపరాళ్లు ఎత్తి, హైదరాబాదులో దించి తిరిగి రావడానికి దాదాపు 230 కిలోమీటర్లు. లోడుతో పోయి ఖాళీగా వచ్చే లారీ సగటున లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తే ఒక ట్రిప్పుకు 51 లీటర్లు, రెండు ట్రిప్పులకు 102. ఐదో వంతు అదనంగా ఉంచుకుంటే 123. డీజిల్ వేడికి పొంగుతుంది కాబట్టి పైన 5 శాతం ఖాళీ వదలాలి. అడుగున మరో 7 శాతం పైపుకు అందదు. ఇవి కలిపితే 140 లీటర్ల ట్యాంకు కావాలి. 80 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తున్న పెట్టె బయటి కొలతల ప్రకారం 144 లీటర్లు. రేకు మందం 2 మిల్లీమీటర్లు తీసేస్తే లోపల పట్టేది 140.6.

మరి 300 లీటర్లది వేస్తే నష్టమేంటి? లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు. అదనపు 160 లీటర్లంటే 133 కిలోలు, అది కూడా చాసిస్‌కు ఒకే పక్కన. 20 మిల్లీమీటర్ల మందం తాండూరు బండ చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. అంటే ప్రతి ట్రిప్పులో 27 చదరపు అడుగుల బండలకు సరిపడే బరువును కిరాయి లేకుండా మోస్తున్నట్టే.

లీటర్ల కన్నా ముఖ్యమైనది రిటర్న్ పైపు. పాత పంపు ఇంజన్‌లో నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడికి తెరుచుకునేది. కామన్ రైల్‌లో 1600 బార్ మామూలు. అంత ఒత్తిడికి గురై, ఇంజన్ వేడి కూడా తగిలి, మిగిలిన డీజిల్ మళ్లీ ట్యాంకులోకే వస్తుంది. గంటకు 60 లీటర్లు, ట్యాంకులో ఉన్నదానికన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడితో తిరిగొస్తుందనుకోండి. అది 830 వాట్ల హీటరు ట్యాంకులో పెట్టినదానితో సమానం. బయటి గాలికి చల్లారేది పక్కన పెడితే, 140 లీటర్లు నిండుగా ఉన్నప్పుడు గంటకు 13 డిగ్రీలు పెరుగుతుంది. 30 లీటర్లే మిగిలితే ఏకంగా 60. గాలి తగిలి నిజంగా పెరిగేది ఇంతకన్నా తక్కువే ఉంటుంది, కానీ తేడా ఎక్కడుందో తెలిసింది కదా. వేడెక్కిన డీజిల్ పలచబడుతుంది. కామన్ రైల్ ఇంజన్‌లోని హైప్రెషర్ పంపుకు డీజిలే కందెన. అందుకే రిటర్న్ పైపు సక్షన్ పైపుకు కనీసం అడుగు దూరంలో ఉండాలి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు అడుగంటనివ్వకూడదు.

సక్షన్ పైపు ఎక్కడ దిగాలన్నది ఈ దారిలోని అనంతగిరి ఘాట్ చెబుతుంది. వందకు ఎనిమిది అడుగులు ఎక్కే వాలు మీద, 80 సెంటీమీటర్ల ట్యాంకులో ముందు కొసన మట్టం 3.2 సెంటీమీటర్లు తగ్గి, వెనక అంతే పెరుగుతుంది. పైపు మూతి అడుగు నుంచి 2.5 సెంటీమీటర్ల ఎత్తులో ముందు కొసన ఉంటే, ఇంకా 20 లీటర్లు ఉండగానే గాలి లాగేస్తుంది. అదే పైపు మధ్యలో ఉంటే 9 లీటర్ల దాకా డీజిల్ అందుతుంది. బండలతో నిండిన లారీ ఘాట్ మధ్యలో ఎయిర్ పట్టి ఆగితే డ్రైవరు పడే బాధకు లెక్క లేదు. లోపల చిల్లుల అడ్డుపలకలు రెండు వేయించండి, బ్రేకు కొట్టినప్పుడు డీజిల్ ఒక్కసారిగా ముందుకు ఎగదన్నదు.

పైపు సన్నదైతే పంపు గుంజలేదు. 8 మిల్లీమీటర్ల రంధ్రం బదులు 6 వాడితే, అదే ప్రవాహానికి పడే శ్రమ మూడు రెట్లు దాటుతుంది. జింకు పూత పూసిన రేకు ట్యాంకు లోపలికి పనికిరాదు, డీజిల్‌ను పాడుచేస్తుంది. ట్యాంకు ఊపిరి రంధ్రానికి చిన్న ఫిల్టరు తప్పనిసరి. వాడిన ప్రతి లీటరు డీజిల్ స్థానంలో లీటరు గాలి లోపలికి పోతుంది, మన దగ్గర ఆ గాలిలో బండల పొడి ఉంటుంది. ఫ్లోటుకు, గేజికి ఓములు కలవాలి, మల్టీమీటరుతో ఒక్క నిమిషం పని.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: పాత ట్యాంకుకు వెల్డింగ్ పెట్టకండి. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఆవిరి 35 డిగ్రీలకే అంటుకోవచ్చు. మేలో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది. నీళ్లతో కడిగినా అతుకుల్లో డీజిల్ మిగిలే ఉంటుంది. చిల్లుపడితే కొత్తది చేయించుకోండి.

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం వేరే రకం ఇంజన్ వేయాలంటే ముందు రవాణా శాఖ అనుమతి కావాలి, మార్చాక 14 రోజుల్లో ఆర్‌సీలో రాయించుకోవాలి. ఫైనాన్సు ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు కూడా కావాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ట్యాంకు బిగించాక మొదటిసారి పది పది లీటర్లుగా కొలిచి పోయండి. ప్రతిసారీ శుభ్రమైన కర్ర ముంచి, తడిసిన చోట గాటు పెట్టండి. గేజి ముల్లు ఎక్కడుందో కూడా రాసుకోండి. పదమూడు గాట్లు పడ్డాక ఆపేయండి, పైన ఖాళీ ఉండాలి కదా. ఆ కర్రను సీటు వెనక పెట్టి, డ్రైవరుకు చూపించండి.